పది సెకన్లు కదలకుండా

చలికాలం ఆదివారాల్లో హైదరాబాదు నుంచి వికారాబాదు దారి పట్టే కార్లు ఇన్నీ అన్నీ కావు. అనంతగిరి మలుపుల దగ్గర సెల్ఫీలు, అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర రద్దీ, ధారూరు దాటాక కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో కయాక్ పడవలు, గట్టు మీద కాలుతున్న మొక్కజొన్న కంకుల వాసన. ఈ సందడికి కాస్త ఎడంగా ఇద్దరో ముగ్గురో మనుషులు మూడు కాళ్ల స్టాండు మీద పొట్టి గొట్టాన్ని నిలబెట్టి, దాని వెనక సెల్‌ఫోను తగిలించి, ఊపిరి బిగబట్టి కూర్చుని కనిపిస్తారు. చూసినవాళ్లు సర్వే వాళ్లనుకుంటారు. పొలం గట్టున కూర్చుంటే మరీను. 'ఇటు ఏమన్న రోడ్డు పడ్తదా సారూ?' అని రైతు అడగడంలో తప్పులేదు, భూమి కొలతలంటేనే గుండె జారే కాలం ఇది. వాళ్లు కొలిచేది భూమిని కాదని చెబితే గాని ఆయన కుదుటపడడు. అవతలి ఒడ్డున ఎండిన కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని వీడియో తీస్తున్నారు, అంతే.

ఆ గొట్టాన్ని స్పాటింగ్ స్కోప్ అంటారు. తుపాకీ గురి సాధన చేసేవాళ్లు తూటా గురిపలక మీద ఎక్కడ తగిలిందో అక్కడినుంచే చూసుకోవడానికి వాడే పరికరం ఇది. పక్షులు చూసేవాళ్ల చేతికొచ్చి దాని బతుకు మారింది. బైనాక్యులర్ ఎనిమిది, పది రెట్లు పెంచి చూపిస్తే, ఇది 20 నుంచి 60 రెట్ల దాకా చూపిస్తుంది. దానికి కెమెరా జోడించి తీసే పనికి డిజిస్కోపింగ్ అని పేరు. 1999లో మలేసియా పక్షి ప్రేమికుడు లారెన్స్ పో తన స్కోపు ఐపీస్‌కు చిన్న డిజిటల్ కెమెరాను ఆనించి తీసిన ఫొటోలతో ఈ పద్ధతి ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడు ఆ కెమెరా స్థానంలో అందరి జేబులోనూ ఉన్న ఫోను వచ్చింది. ఫోను మామూలు లెన్సు దాదాపు 26 మిల్లీమీటర్ల కెమెరా లెన్సుకు సమానం. 20 రెట్ల స్కోపు వెనక పెడితే అది 520 మిల్లీమీటర్ల లెన్సు చేసే పని చేస్తుంది. మేలిరకం 500 మిల్లీమీటర్ల కెమెరా లెన్సయితే మూడు కిలోల పైనే బరువు, ధర లక్షల్లో.

చెప్పుకుంటే ఇంత తేలిక. తీరా వీడియో తీశాక చూస్తే పక్షి ఉండాల్సిన చోట ఓ వణికే మచ్చ, చుట్టూ నల్లటి వలయం.

స్కోపు పక్షిని అరవై రెట్లు పెద్దది చేస్తే మన వణుకునూ అరవై రెట్లు చేస్తుంది. అయినా కొన్న రోజునే జూమ్ చివరికంటా తిప్పని వాళ్లు అరుదు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే, కంటివైపు బయటికొచ్చే వెలుతురు బిళ్ల ఎంత వెడల్పో తెలుస్తుంది. 80 మిల్లీమీటర్ల అద్దమున్న స్కోపు 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్ల బిళ్లనిస్తుంది. 60 దగ్గర అది 1.3 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. వెడల్పు మూడో వంతయితే వెలుతురు తొమ్మిదో వంతు అవుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఫోను తంటాలు పడుతుంది, ఈకల వివరమంతా గరుకులో కలిసిపోతుంది. పైగా అంత చిన్న బిళ్లకు ఎదురుగా ఫోను కంటిని సరిగ్గా నిలపడం సూదిలోకి దారం ఎక్కించడమే, అదీ కదిలే బస్సులో. అందుకే అనుభవం ఉన్నవాళ్లు 20, 25, మహా అయితే 30 దగ్గర ఆగిపోతారు. అంచుల్లో నల్లటి వలయం మిగిలితే స్కోపును తిప్పరు, ఫోనులో ఉన్న రెండు రెట్ల లెన్సుకు మారతారు. ఫోనును చేత్తో పట్టుకోరు, అడాప్టరులో బిగిస్తారు.

డబ్బంతా స్కోపుకు పోసి, మిగిలిన చిల్లరతో స్టాండు కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వీడియో నిలిచేది స్టాండు మీదే. దాని మధ్య కడ్డీని పైకి లాగకూడదు. కాళ్లు వెడల్పుగా చాపి, మనమూ నేల మీద కూర్చుని, కింది కొక్కేనికి బరువైన సంచి తగిలించాలి. ఆ సంచి గాల్లో వేలాడకుండా నేలకు కాస్త ఆనాలి, లేకపోతే అదే ఊగి అన్నిటినీ ఊపుతుంది. వేలాడే పట్టీలు విప్పేయాలి. గాలికి టపటపలాడే ఒక్క పట్టీ చాలు, ఉదయమంతా వృథా కావడానికి. రికార్డు బొత్తాం వేలితో నొక్కితే ఆ కుదుపు కొన్ని సెకన్లు తెరమీద ఆడుతుంది కనుక చిన్న బ్లూటూత్ రిమోటు కావాలి. ఇక ఫోను సంగతి. దానికి తెలివెక్కువ, ఇక్కడ అదే దాని రోగం. పక్షి ముందు రెల్లు ఊగితే ఫోకసును రెల్లుకు మారుస్తుంది. తెల్లకొంగ రెక్క విప్పితే వెలుతురు తగ్గిస్తుంది. మనం అడక్కుండానే ఒక లెన్సు మీంచి ఇంకో లెన్సుకు దూకుతుంది. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకసునూ వెలుతురునూ కట్టిపడేసి, ఆపైన పదునంతా స్కోపు చక్రంతోనే తేవాలి. ఫోనులోని ఎలక్ట్రానిక్ స్థిరీకరణను స్టాండు మీద ఆపేయడం మేలు. కదలిక లేనిచోట కదలికను వెతికి వెనకనున్న చెట్లను వంకర తిప్పుతుంది.

ఇన్ని చేశాక చేయాల్సింది ఇంకొకటి ఉంది, ఏమీ చేయకపోవడం. పక్షి పక్కకు జరిగినా వెంటనే స్కోపు తిప్పకూడదు. పది సెకన్లు కదలకుండా ఉంచాలి. అది తెర దాటి వెళ్లిపోతే వెళ్లిపోనివ్వాలి. ఆ తర్వాతే తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ పది సెకన్లు.

వికారాబాదు నుంచి తాండూరు వైపు సాగితే ఈ విద్యకు ఇంకో పరీక్ష ఎదురవుతుంది. అనంతగిరి గుట్టల మీద పడిన వాన రెండు దారుల్లో పోతుంది. తూర్పున మూసీ అయి హైదరాబాదు మీదుగా, పడమట కాగ్నా అయి తాండూరు మీదుగా కర్ణాటకలోని భీమాకు. ఎటుపోయినా చివరికి కృష్ణలోకే. కాగ్నా వైపు వెళ్తుంటే ఎర్రమట్టి గుట్టలు వెనకబడి నల్లరేగడి, కంది చేలు, ఆపైన నాపరాయి గనులు మొదలవుతాయి. 2022 డిసెంబరులో ఇక్కడి కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు బండకు అలాంటి ముద్ర అక్కరలేదు, తెలంగాణలో దాని మీద కాళ్లు చాపుకుని చల్లగా పడుకోని మధ్యతరగతి మనిషి లేడు. వీడియో తీసేవాళ్లకు మాత్రం రేగడీ బండా రెండూ చిక్కే. రేగడిలో స్టాండు కాళ్లు మెల్లగా దిగబడతాయి, బండ మీద జారతాయి. రోడ్డు పక్కన పెడితే సిమెంటు, రాతి లారీలు వెళ్లినప్పుడల్లా నేలే వణుకుతుంది.

వీటన్నిటికీ ఉపాయం ఉంది. ఉపాయం లేనిది గాలికి. పొద్దెక్కేకొద్దీ నాపరాయీ రేగడీ వేడెక్కుతాయి. నేలనంటుకున్న గాలి వేడెక్కి పలచబడి పైకి లేస్తుంది, పైనున్న చల్లగాలి కిందికి దిగుతుంది. ఈ రెండింటి గుండా వచ్చే వెలుతురు క్షణానికో తీరుగా వంగుతుంది. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు భ్రమ పెట్టే ఎండమావికి కారణమైన సంగతే ఇది. కంటికి అంతగా కనిపించదు గాని స్కోపులో పక్షి నీళ్లడుగున ఉన్నట్టు అలలాడుతుంది. మూడు లక్షల స్కోపూ ఇక్కడ ఇరవై వేల స్కోపూ ఒకటే. ఇంకా చెప్పాలంటే, ఎంత ఎక్కువ రెట్లు పెంచితే ఆ అలలు అంత పెద్దవవుతాయి. తెల్లవారాక తొలి రెండు గంటలు, మబ్బు పట్టిన పగలు, వాన వెలిసిన వెంటనే, ఈ వేళలకు పనిని కుదించుకోవాలి. తొమ్మిదిన్నర దాటితే మూట కట్టుకుని ఎక్కడైనా ఉప్మా తినడం ఉత్తమం.

ఇంత కష్టమెందుకు, ఇంకొంచెం దగ్గరికి పోతే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. దగ్గరికి పోయిన చరిత్ర మనకు బాగానే ఉంది. 1931, 32 సంవత్సరాల్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. వికారాబాదు, తాండూరు అప్పటికి ఆ సంస్థానంలోవే. ఆ సర్వే నివేదిక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933, 34లో విడతలుగా వచ్చింది. దక్కను పక్షుల గురించి ఈనాటికీ అందరూ తిరగేసే పునాది రచన అది. ఆనాటి శాస్త్ర పద్ధతి ప్రకారం పక్షిని గుర్తించడమంటే తుపాకీతో కొట్టి, చర్మం వలిచి, చీటీ కట్టి భద్రపరచడం. చేతిలో లేని పక్షికి సాక్ష్యం లేదు. అప్పట్లో వేరే దారి లేదు కనుక ఆయన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

యాభై ఏళ్ల తర్వాత కూడా దారి అంతగా మారలేదని కడప జిల్లాలో తేలింది. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త బ్లైత్ వర్ణించిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా సిద్ధవటం ప్రాంతంలో స్థానిక వేటగాడొకరు రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నారు. ఎనభై ఆరేళ్లకు దొరికిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. ఆ వార్త విని సంతోషించాలో ఏడవాలో తెలియని స్థితి. తర్వాతి కాలంలో ఆ పక్షి ఉనికిని వెతికినవాళ్లు మెత్తటి మట్టి పరిచి అడుగుల ముద్రలు చూశారు, పొదల మధ్య వాటంతటవే తీసే కెమెరాలు పెట్టారు. అంటే పక్షిని పట్టుకోకుండా పక్షి సాక్ష్యాన్ని పట్టుకోవడం నేర్చుకున్నారు. స్కోపు వెనక ఫోను పెట్టి తీసే పది సెకన్ల వీడియోది కూడా అదే వంశం.

ఆ పది సెకన్లలో ఏముంటుందో చూద్దాం. వికారాబాదు జిల్లా మోమిన్‌పేట మండలం ఎన్కతల గడ్డిభూములు పక్షుల వాళ్లకు ఎరిగిన చోటు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పుట్టి, మన చలికాలానికి ఇటు వచ్చే పిల్లిగద్దలు ఇలాంటి గడ్డినే కోరుకుంటాయి. పగలు చేల మీద తేలుతూ మిడతల్ని పడతాయి, పొద్దుగూకాక నేల మీదే, గడ్డిలో, గుంపుగా నిద్రపోతాయి. అందులో రెండు జాతుల ఆడపక్షులను విడదీసి చెప్పడం ఆరితేరినవాళ్లకూ తలనొప్పే. మెడ చుట్టూ లేత రంగు పట్టీ ఉందా, చెంప మీద నలుపు ఎంతవరకు దిగింది, ఇలాంటి గుర్తులతో తేల్చాలి. ఎగురుతూ పోయే పక్షి మీద ఆ గుర్తులు క్షణంలో మాయమవుతాయి. అదే కంచె రాయి మీద వాలినప్పుడు నిలకడగా తీసిన వీడియో అయితే ఆపి, వెనక్కి తిప్పి, నలుగురూ చూసి, తగాదాపడి తేల్చుకోవచ్చు. ఫొటో కన్నా వీడియోకు ఇంకో బలం ఉంది. పక్షి ఏం తిన్నది, కాలు ఎలా దులిపింది, ఏ చప్పుడుకు తల ఎత్తింది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. మనం దూరంగా ఉంటేనే అవి నిజమైనవి. దగ్గరికి పోయి తీసిన వీడియోలో చాలాసార్లు పక్షి చేస్తున్న పని ఒక్కటే, మనల్ని చూసి భయపడటం.

ఎన్కతల గడ్డి చూడటానికి బీడులా ఉంటుంది, రికార్డుల్లోనూ ఇలాంటి నేలలకు దాదాపు అదే హోదా. సాయంత్రం పిల్లిగద్దలు దిగే వేళ జీపు దిగి గడ్డిలోకి నడిస్తే గుంపంతా లేచిపోతుంది. చీకట్లో అవి మళ్లీ ఎక్కడ దిగాలో వెతుక్కోవాలి. మూడువందల మీటర్ల అవతల స్కోపు పెట్టుకున్నవాడికి అవి దిగడమూ కనిపిస్తుంది, వాటి నిద్రా పాడవదు. తాండూరు వైపు తవ్వి వదిలేసిన రాతి గనులకూ ఇదే వర్తిస్తుంది. దక్కనులో కొమ్ముల గుడ్లగూబ గుట్టల అంచుల్లోనే కాదు, పాత గనుల గోడల గూళ్లలో కూడా గుడ్లు పెడుతుంది. గూడు జాడ తెలిసిందంటే వారంలో కార్లు వరస కడతాయి. గూళ్ల దగ్గర అసలు కెమెరా తీయకపోవడమే మర్యాద. తీసి తీరాలనేవాళ్లు కనీసం ఎదుటి గోడ మీదినుంచి తీసి, చోటు పేరు ఎవరికీ చెప్పకుండా ఉంటే అదే పదివేలు.

కోట్‌పల్లిలో కయాక్‌లు వద్దని ఈ రాతకు అర్థం కాదు. పట్నం పిల్లలు నీళ్ల మీద తెడ్డు వేయడం మంచిదే, ఊళ్లో నలుగురికి ఉపాధి కూడా. వలస బాతులు వచ్చే మూణ్ణెల్లు జలాశయంలో ఒక మూలను వాటికి వదిలేస్తే చాలు. ఆ మూల ఏదో తేల్చడానికి కూడా ఈ వీడియోలు పనికొస్తాయి. 1987 నుంచి ఏటా జనవరిలో మన దేశంలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతోంది. 1980లో హైదరాబాదులో పుట్టి ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న సంఘం లాంటివి ఆ పనిలో చెరువుల వెంట తిరుగుతుంటాయి. ఒకే చోటి నుంచి, ఒకే వేళకు, ఏటా నీళ్లను తీసి ఉంచిన వీడియో పదేళ్లకు ఒక దస్తావేజు అవుతుంది. అలాంటి దస్తావేజు లేని లోటు ఎలా ఉంటుందో దామగుండం చెబుతుంది. పూడూరు మండలంలోని ఆ అడవిలో, దాదాపు 2,900 ఎకరాల్లో, నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ ముఖ్యమని ఒకరు, మూసీ పుట్టిన చోట చెట్లు ముఖ్యమని ఒకరు వాదించారు. వాదన ఎటు తేలినా, ఆ అడవిలో ఏ పక్షులు ఏ నెలలో ఎన్ని ఉండేవో నిలకడగా తీసి పెట్టిన రికార్డు పది ఊళ్ల దగ్గర ఉండి ఉంటే ఇరుపక్షాలకూ గట్టి నేల మీద నిలబడి మాట్లాడే వీలుండేది.

స్కోపులో మొదటినుంచీ ఒక లోపం ఉంది. అందులో ఒకసారి ఒక్కరే చూడగలరు. మిగతావాళ్లు క్యూ కట్టాలి, తమ వంతు వచ్చేసరికి పక్షి లేచిపోవాలి. ఫోను తగిలించాక ఆ లోపం పోయింది. ముసలమ్మ కూడా కళ్లజోడు తీయకుండా తెర మీద చూడవచ్చు. ఈ సౌకర్యానికి తగిన రోజు ఒకటి మన క్యాలెండరులో ముందునుంచే ఉంది. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి పోయి, బంగారం పంచుకుని, పాలపిట్టను చూసి ఇంటికి రావడం తెలంగాణలో ఆనవాయితీ. అది రాష్ట్ర పక్షి కూడా. ఊరి చివరలు కాలనీలు అయ్యాక పిట్ట దొరకడం కష్టమై, పట్టణాల్లో పంజరాల్లో పెట్టి తెచ్చి, డబ్బు తీసుకుని చూపించే వ్యాపారం మొదలైంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. అధికారులు దాడి చేసి పిట్టల్ని విడిపించిన వార్తలు పండగ రోజుల్లో వస్తూనే ఉంటాయి. అలా దొరికిన వాటిలో రెక్కలు కట్టేసినవీ, ఎగరలేనివీ ఉంటాయి. శుభం కోసం చూసే పిట్టను అలా చూడటం ఏ శాస్త్రం ఒప్పుకుంటుందో తెలియదు.

పంజరానికి ఇప్పుడు బదులు దొరికింది. వికారాబాదు జిల్లా ఊళ్లలో పాలపిట్టకు ఇంకా కరువు రాలేదు. వానలు వెనకబట్టాక కంది చేల పక్కన, కరెంటు తీగల మీద కూర్చునే ఉంటుంది. ఉన్నత పాఠశాలలో సైన్సు పంతులు ఒక స్కోపు సంపాదించగలిగితే, పాఠశాలల్లో ఇప్పుడున్న పెద్ద డిజిటల్ తెరలకు ఫోను కలిపి ఊరందరికీ చూపించవచ్చు. మండలానికి ఒక స్కోపంటే ప్రభుత్వానికైనా, సిమెంటు కంపెనీల సామాజిక బాధ్యత నిధులకైనా పెద్ద లెక్క కాదు. సూర్యుడు వెనక ఉండేలా నిలబడాలి, 20 రెట్లు చాలు, వెలుతురు బిగించాలి. కూర్చున్న పాలపిట్ట మట్టిరంగుగా, కాస్త బద్ధకంగా కనిపిస్తుంది, దాని అసలు నీలం రెక్క విప్పినప్పుడే బయటపడుతుంది. అందుకని అది లేచే క్షణానికి స్లో మోషన్ సిద్ధం చేసి ఉంచాలి. పిల్లలు గుంపుగా ఉంటే ఎవరో ఒకరు స్టాండు కాలు తన్నక మానరు, తెర మీంచి పిట్ట మాయమవుతుంది, గోల మొదలవుతుంది. పంతులు కంగారుపడనక్కర లేదు. పాలపిట్ట తీగ మీంచి దిగి మిడతను పట్టుకున్నాక చాలాసార్లు మళ్లీ అదే తీగ మీదికి వస్తుంది. ఆ లోపు స్కోపు సరిచేసుకుని, ముందు వరసలో నిలబడ్డ పిల్లల్ని రెండడుగులు వెనక్కి జరపవచ్చు.